‘ఆయ్’ అన్న పాపానికి

నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందంటారు. నా నోరు మంచిదే. మరీ మంచిది. ఎంత మంచిదంటే, దాని మంచితనం దెబ్బకి ఒక సాయంత్రం మూడు బ్యాండ్లు, ఆరు స్పీకర్లు, నూరుమంది శ్రోతలు, మా చెల్లెలి భవిష్యత్తు అన్నీ కలిసి ఒక కొబ్బరి గోదాములో నిండా మునిగాయి. తుఫాను వచ్చి కాదు. వరద వచ్చి కాదు. అక్షరంన్నర మాట ఒకటి నా నోట్లోంచి వచ్చి.

మీరు గోదావరికి అవతలివాళ్ళయితే ముందు మీకొక సంగతి చెప్పాలి. మా కోనసీమలో ‘అవును’ అనే మాట నిఘంటువులో ఉంటుంది, నోట్లో ఉండదు. నోట్లో ఉండేది ‘ఆయ్’. భోంచేసేరా? ఆయ్. పిల్లలు కులాసాయా? ఆయ్. మీ గేదె మా అరటితోటలో పడిందండీ. ఆయ్. ఒప్పుకోవడానికీ అదే, విన్నామని చెప్పడానికీ అదే, వినకపోయినా విన్నట్టు కనబడడానికీ అదే. నేను డిగ్రీ ఇంగ్లీషు మీడియంలో చదివాను. ఇంగ్లీషులో దరఖాస్తు రాయగలను, ఫోనులో కస్టమర్ కేర్ వాళ్ళతో పోట్లాడగలను, అవసరమైతే అలగగలను. అవుననడం మాత్రం మా అమ్మ దగ్గర నేర్చుకున్నాను. అదొక్కటీ అనువాదం కాలేదు.

ఇక అసలు కథ. నాలుగేళ్ళ కిందటిది.

మా పెదనాన్న వీర్రాజుగారిది కొబ్బరి వ్యాపారం. ఆయన కూతురు పావని మరో నలుగురితో కలిసి ఒక బ్యాండు పెట్టుకుంది. పేరు ‘ఆఖరి పంటు’. రేవులో మనుషుల్నీ మోటారుసైకిళ్ళనీ కలిపి పాయ దాటించే పంటు ఉంటుంది కదా, అదే. పాటలు తనే రాసుకునేది, తనే వరస కట్టుకునేది. ఒక ఏడాది బ్యాంకు కోచింగు పక్కన పెట్టి, బ్యాండుతో ఊళ్ళు తిరిగి పాడతానని ఇంట్లో చెప్పింది.

పెదనాన్న కోప్పడలేదు. ఆయన కోప్పడి ఉంటే బాగుండేదని పావని తర్వాత చెప్పింది. ఆయన కాస్త ఆలోచించి, “విని చెబుతానమ్మా” అన్నారు. అంతే. పాట వినాలి, తర్వాత ఔనో కాదో చెప్పాలి. ఒక్కసారే వింటారు, ఒక్కసారే చెబుతారు. కొబ్బరి బేరంలో కూడా ఆయనది అదే పద్ధతి.

ఆయన వినడం గురించి ఇక్కడే చెప్పాలి. కొబ్బరికాయని నెలల తరబడి అటక మీద ఉంచితే లోపలి నీళ్ళు ఇంకిపోయి, కొబ్బరి చిప్పని వదిలేసి గుండులాగ దొర్లుతుంది. అదే కురిడీ. తయారైందో లేదో పగలగొట్టి చూడరు. చెవి దగ్గర పెట్టుకుని ఊపుతారు. లోపల గలగలమంటే తయారైనట్టు. పెదనాన్న భాషలో ‘కాయ మాట్లాడింది’. ఆయన కళ్ళు మూసుకుని, అరచెయ్యి చెవి వెనక పెట్టుకుని, ఒక్క ఊపు ఊపి చెప్పేస్తారు. ఈ విషయంలో ఆయన మాట అంబాజీపేట కొబ్బరి మార్కెట్టులో చెల్లుతుంది.

అలాంటి చెవికి పావని పాట వినిపించాలి. దానికొక కచేరీ జరగాలి. ఆ కచేరీ జరిపించడానికి ఇండీ పాప్ గురించి తెలిసినవాడు కావాలి.

తెలిసినవాడిని నేనే.

హైదరాబాదులో చదువుకునే రోజుల్లో నేనొక ఇండీ పాప్ కచేరీకి వెళ్ళాను. వెళ్ళానంటే, వాన పడుతుంటే ఒక కెఫేలోకి దూరాను, లోపల పాడుతున్నారు. నలభై నిమిషాలకి వాన వెలిసింది, బయటికొచ్చేశాను. ఆ నలభై నిమిషాల్నీ అమలాపురంలో నేను చాలా ఏళ్ళు పొదుపుగా వాడుకున్నాను.

“ఇండీ అంటే ఏంట్రా?” అన్నారు పెదనాన్న.

“సినిమాకి పాడరండి, ఎవరి కంపెనీకీ పాడరండి. సొంతంగా రాసుకుని సొంతంగా పాడుకుంటారు.”

“ఓహో. మార్కెట్టు సరుకు కాదు. పెరటికాయన్నమాట.”

“ఆయ్” అన్నాను. ఈ కథలో నేనన్న ఆయ్‌లలో ఎవరికీ నష్టం చెయ్యనిది ఇదొక్కటే.

అమలాపురం శివార్లలో ఆయన గోదాము ఉంది. కింద హాలు ఖాళీగా ఉంది. పైన వెదురు తడికల అటక మీద మాత్రం కాయలున్నాయి. “నాలుగు ఊపి చూసేను. ఇంకా మాట్లాడట్లేదు. ఇంకో నెల పడుతుందేమో” అన్నారు పెదనాన్న. ఒక ఆదివారం సాయంత్రం ఆరింటి నుంచి ఎనిమిదిన్నర దాకా హాలు వాడుకోమన్నారు. విశాఖ నుంచి ‘తడి గొడుగు’ అనే బ్యాండు, కాకినాడ నుంచి ‘రెండో డికాషను’ అనే మొగుడూపెళ్ళాల జంట, చివరగా మా ‘ఆఖరి పంటు’. పావని స్నేహితుల ద్వారా బెంగళూరు నుంచి ఒక సౌండు ఇంజనీరు కూడా వచ్చాడు. పేరు నోయెల్.

నోయెల్‌ది మంగుళూరు వైపు. బంగారంలాంటి మనిషి. తెలుగులో ఒక్క ముక్క రాదు. రాదనడం అబద్ధం. మధ్యాహ్నం మా ఇంట్లో భోజనం చేశాడు కాబట్టి సరిగ్గా ఒక మాట వచ్చింది: ‘చాలు’. మా అమ్మ నాలుగోసారి అన్నం గరిటెతో దగ్గరికొచ్చినప్పుడు ప్రాణరక్షణ కోసం నా దగ్గర అడిగి నేర్చుకున్నాడు. చెయ్యి అడ్డంపెట్టి “చాలూ! చాలూ!” అని అరుస్తుంటే, “పాపం, ఆ అబ్బాయి చాల్లేదంటన్నాడ్రా” అని అమ్మ ఇంకో గరిటె వేసింది. ఆ మాట మీద అతనికి నమ్మకం పోలేదు. అది మా అదృష్టం. ఎందుకో తర్వాత తెలుస్తుంది.

సౌండు మిక్సరు హాల్లో వెనకాల, జనం మధ్యలో ఉండాలన్నాడు నోయెల్. అక్కడ ఉంటేనే జనానికి ఎలా వినపడుతోందో అతనికీ తెలుస్తుందట.

“అక్కడ పెద్దల కుర్చీలు వెయ్యాలి” అన్నాను.

“మరి నేనెక్కడ?”

గోదాముని ఆనుకుని కాటా గది ఉంది, బస్తాలు తూచేది. మధ్యలో లావుపాటి గోడ. మిక్సరునీ నోయెల్‌నీ తీసుకెళ్ళి అందులో పెట్టాను. మనిషి చెవిని హాల్లోంచి తీసేసి, ఆ చెవి స్థానంలో నన్ను నేను నియమించుకున్నాను. నాకొక వాకీటాకీ, అతనికొకటి. ఆ గదిలో హెడ్‌ఫోన్లు పెట్టుకుంటే అతనికి మిక్సరులో శబ్దం వినపడుతుంది గానీ, హాల్లో ఎంత వస్తోందో తెలియదు. అది నేను చెప్పాలి.

నోయెల్ చాలా ఓపిగ్గా చెప్పాడు. అతను మాట్లాడింది ఇంగ్లీషులోనే. మీ సౌకర్యం కోసం తెలుగు చేస్తున్నాను.

“బ్రో, మూడే మాటలు. శబ్దం ఎక్కువైతే ‘హై’ అను, తగ్గిస్తాను. తక్కువైతే ‘లో’ అను, పెంచుతాను. సరిపోతే ‘ఓకే’ అను, ముట్టుకోను. అర్థమైందా?”

“ఆయ్” అన్నాను, వాకీటాకీలోనే, పరీక్షగా.

నోయెల్ నావైపు కొంచెం వింతగా చూసి, ఒక మీట కిందికి జరిపాడు.

తెలివైనవాళ్ళు ఇక్కడే పట్టేసి ఉంటారు. నాకు రెండున్నర బ్యాండ్లు పట్టింది.

ఆరు దాటాక జనం వచ్చారు. కాలేజీ పిల్లలు చాపల మీద సర్దుకున్నారు. వెనకాల కుర్చీల్లో పెదనాన్న పిలిచిన కొబ్బరి వ్యాపారులు, మొదటి వరసలో మా సుబ్బారాయుడు మాస్టారు. మాస్టారు నాకు హైస్కూల్లో లెక్కలు చెప్పారు. జీవితంలో ఎవరినీ ‘గారు’ లేకుండా పిలవని మనిషి. బెత్తంతో కొట్టేటప్పుడు కూడా “సత్తిబాబుగారూ, చెయ్యి చాపండి” అనేవారు. పెదనాన్న కూర్చోలేదు. సొంత గోదాములో కార్యక్రమం జరుగుతుంటే యజమాని కూర్చోకూడదని ఆయన నియమం. వెనకాల తలుపు దగ్గర, చేతులు కట్టుకుని నిలబడ్డారు.

పావని నా దగ్గరకొచ్చింది. మొహం తెల్లగా పాలిపోయి ఉంది.

“అన్నయ్యా, నాన్న మరీ ఆ చివర నుంచున్నారు. అక్కడికి వినపడుద్దంటావా?”

“నేనున్నాను కదా” అన్నాను.

చరిత్రలో ఈ మాట అన్నవాళ్ళ జాబితా తీస్తే, అందులో సుఖపడిన శ్రోతలు తక్కువ.

‘తడి గొడుగు’ మొదలెట్టింది. మొదటి దెబ్బకి గోదాము గోడలు ఒళ్ళు విరుచుకున్నాయి. బ్రహ్మాండం. కాలేజీ పిల్లలు కేక పెట్టారు.

వాకీటాకీ కరకరలాడింది. “బ్రో, హాల్లో లెవెల్ సరిపోయిందా?”

“ఆయ్!”

పాట కొంచెం నెమ్మదించింది.

“ఇప్పుడో?”

“ఆయ్.”

ఇంకొంచెం నెమ్మదించింది.

“ఇంకానా?” అతని గొంతులో ఆశ్చర్యం. నేను దాన్ని శ్రద్ధ అనుకున్నాను. ఎంత బాధ్యత గల మనిషి, నిమిషానికోసారి అడుగుతున్నాడని మురిసిపోయాను.

“ఆయ్ ఆయ్” అన్నాను, ప్రోత్సాహకరంగా. అతను రెండుసార్లు తగ్గించాడు.

నాలుగో పాటకి వచ్చేసరికి డ్రమ్ముల కుర్రాడు చేతులు ఎత్తి దించుతున్నాడు గానీ, ఎవరో మూడు వీధుల అవతల చాపలు దులుపుతున్నట్టుంది. మాస్టారు వెనక్కి తిరిగారు.

“సత్తిబాబుగారూ, చాలా బాగుందండి.”

“సంతోషం మాస్టారూ.”

“కాకపోతే, వినపడితే ఇంకా బాగుండేదండి.”

అప్పుడైనా నేను కాటా గదికి పరుగెత్తాల్సింది. కానీ నేను నలభై నిమిషాల అనుభవజ్ఞుడిని. ఆ కెఫేలో కూడా పాట మెల్లగానే ఉన్నట్టు గుర్తు. బయట వాన చప్పుడు వల్ల అయి ఉండచ్చని అప్పట్లో తట్టలేదు.

“ఇండీ అంటే అంతేనండి మాస్టారూ. సినిమా పాటలాగ వచ్చి మన మీద పడిపోదు. మనమే దాని దగ్గరకెళ్ళాలి.”

“ఆయ్. ఎంత దగ్గరకండీ?”

“మనసుతోనండి.”

“అయితే కుర్చీ జరపక్కర్లేదన్నమాట” అని ఆయన స్థిమితపడ్డారు. పక్కాయనతో చెప్పారు, “మనసుతో వినాలంటండి.” పక్కాయన వెనకాయనకి చెప్పాడు. రెండు నిమిషాల్లో ఆ మాట వ్యాపారుల వరస దాకా పాకింది. అందరూ మర్యాదగా కళ్ళు మూసుకున్నారు. వాళ్ళలో ఇద్దరు మళ్ళీ తెరవలేదు. గురక మొదలైంది.

ఇందులో తప్పు మా ఊరి మర్యాదది కూడా ఉంది, ఒప్పుకోవాలి. ఇంకో ఊరైతే “వినపడట్లేదురా!” అని ఒక్కడైనా అరిచేవాడు, గొడవ అక్కడితో తీరిపోయేది. మావాళ్ళు అరవరు. పిలిచినాయన నొచ్చుకుంటాడేమోనని చెవుడు వచ్చినట్టు సర్దుకుపోతారు.

తర్వాత ‘రెండో డికాషను’ వచ్చింది. ఆ దంపతులు మామూలుగానే గుసగుసలాడుతున్నట్టు పాడతారట. దాని మీద నా ఆయ్‌లు. వాళ్ళాయన గిటారు మీటుతుంటే పక్కింట్లో ఎవరో కొత్తిమీర తరుగుతున్నంత చప్పుడు వస్తోంది. ఆవిడ నోరు తెరుస్తోంది, మూస్తోంది. ఫ్యాను మాత్రం చక్కగా వినపడుతోంది. ఇంతలో ఒక వ్యాపారి జేబులో సెల్‌ఫోను మోగింది. ఆ గంటలో హాల్లో స్పష్టంగా వినపడిన సంగీతం అదే. జనం ఊపిరి పీల్చుకుని చప్పట్లు కొట్టారు. గిటారు ఆయన లేచి నమస్కారం పెట్టాడు.

“ఇప్పటికైనా?” అంది వాకీటాకీ.

“ఆయ్.”

“బ్రో, మీ ఊళ్ళో జనం చెవులు చాలా సున్నితం అనుకుంటా.”

“అంతే మరి, చాలా” అన్నాను గర్వంగా. అది ఇంగ్లీషులోనే వచ్చింది. అవసరం లేని చోట నాకు ఇంగ్లీషు ఎప్పుడూ వస్తుంది.

ఏడున్నరకి ‘ఆఖరి పంటు’ వేదిక ఎక్కింది. పావని మైకు పట్టుకుని, చివర తలుపు దగ్గరున్న వాళ్ళ నాన్న వైపు ఒకసారి చూసింది. ఆయన కట్టుకున్న చేతులు విప్పలేదు. తను మొదలెట్టింది. రెండు లైన్లు పాడి, నావైపు కనుబొమలెగరేసింది, వినపడుతోందా అని. నేను బొటనవేలు పైకెత్తాను.

“లెవెల్?” అన్నాడు నోయెల్.

“ఆయ్.”

“ఇంకా?!”

“ఆయ్.”

అవతల ఒక పెద్ద నిట్టూర్పు. “సరే బ్రో. మీ ఇష్టం.” మీటలన్నీ సున్నా దాకా కిందికి లాగేశాడు.

మైకు చచ్చిపోయింది. కీబోర్డు చచ్చిపోయింది. బేస్ గిటారు కుర్రాడు తీగ లాగితే, రబ్బరు బ్యాండు లాగినట్టు ‘టప్’మంది. ఒక్క క్షణం హాలంతా నిశ్శబ్దం. నిద్రపోతున్న వ్యాపారి కూడా ఆ నిశ్శబ్దానికి ఉలిక్కిపడి లేచాడు.

పావని మైకుని వేలితో కొట్టి చూసింది. మళ్ళీ కొట్టింది. నావైపు చూసింది. ఆ చూపు నేనిప్పటికీ అద్దంలో మొహం చూసుకునేటప్పుడు గుర్తుచేసుకుంటాను. కోపం కాదది. ఏడాదిగా ఎదురుచూసిన ఒక్క అవకాశం చేతిలోంచి జారిపోతుంటే, దాన్ని జారవిడిచినవాడు తన అన్నయ్యే అని తెలిసిన చూపు.

నాకు అప్పటికి బుర్ర తిరగడం మొదలైంది. పరుగెత్తాను. వెనకాల ఏం జరుగుతోందో చెవికి తెలుస్తూనే ఉంది. పావని మైకు పక్కన పెట్టేసింది. రెండడుగులు ముందుకొచ్చి, ఉత్త గొంతుతో అందుకుంది.

“పంటు వెళ్ళిపోయిందనుకో, గట్టు వెళ్ళిపోదుగా,
ఇవతల నేనే దీపం పెడితే, అవతల నీకు కనపడదా...”

హాల్లో ఎవరూ కదల్లేదు. ఫ్యాను కట్టేశారెవరో. తలుపు దాటుతూ పెదనాన్నని చూశాను. కళ్ళు మూసుకున్నారు. కట్టుకున్న చేతులు విడిపోయాయి. ఒక అరచెయ్యి నెమ్మదిగా చెవి వెనక్కి వెళ్ళింది.

నేను ఆగలేదు. ఆగి ఉంటే ఈ కథ అందంగా ముగిసిపోయేది.

కాటా గదిలో నోయెల్ చేతులు ఒళ్ళో పెట్టుకుని, తూకానికి వచ్చిన బస్తాలాగ కూర్చున్నాడు.

“ఎందుకు ఆపేశావ్?” అని అరిచాను.

“నువ్వే కదా హై అన్నావ్!”

“నేనా? ఎప్పుడన్నాను?”

“పదిహేడు సార్లు! లెక్కపెట్టాను. నేను పదహారేళ్ళుగా ఈ పని చేస్తున్నాను బ్రో, సున్నా దగ్గర కూడా ఎక్కువైందన్న ఊరు చూళ్ళేదు!”

“నేను హై అన్లేదు. ఆయ్ అన్నాను.”

“అదే. హై.”

“హై కాదు, ఆయ్!”

“ఆహా. ఆ రెంటికీ తేడా ఏంటి?”

గోడకి చేరగిలబడ్డాను. “ఆయ్ అంటే మా భాషలో ఔనని. సరే అని. ఓకే అని.”

నోయెల్ నావైపు, తన మిక్సరు వైపు, మళ్ళీ నావైపు చూశాడు. తర్వాత ఆ మంచివాడు నన్ను కొట్టలేదు. జేబులోంచి పెన్ను తీసి అరచేతి మీద రాసుకున్నాడు. “ఆయ్ అంటే ఓకే. ఇప్పుడు తెలిసింది. ఇక నువ్వు ఆ మాట అంటే ముట్టుకోను. ఎన్నిసార్లన్నా ముట్టుకోను. పద, చివరి పాట ఉందిగా. ఇందాకటి నష్టమంతా పూడ్చేస్తాను.”

అని మీటలన్నీ ఒక్కసారిగా పైకి తోసేశాడు.

నేను హాల్లోకి అడుగుపెట్టేసరికి పావని పాట అయిపోయి చప్పట్లు మోగుతున్నాయి. చివరి పాటకి మూడు బ్యాండ్లూ కలిసి వాయించాలని ముందే అనుకున్నారు. తొమ్మిది మంది వేదిక మీదికెక్కారు. మైకులు పనిచెయ్యడం లేదనుకుని, పాపం, అందరూ ఒంట్లో ఉన్న బలమంతా తీసి, ఒకటి, రెండు, మూడు అని మొదలెట్టారు.

మైకులు పనిచేస్తున్నాయి.

ఆ శబ్దాన్ని వర్ణించడం నా వల్ల కాదు. రావులపాలెం సెంటర్లో ఉన్న లారీలన్నీ ఒకేసారి హారన్ కొడుతూ మన పడగ్గదిలోకి వస్తే ఎలా ఉంటుందో ఊహించుకోండి. దానికి తాళం కూడా వెయ్యండి. బేస్ గిటారు కుర్రాడు ఒక్కో తీగ లాగుతుంటే చొక్కా బొత్తాలు వణుకుతున్నాయి. మాస్టారి కళ్ళజోడు ముక్కు చివరికి జారింది. కళ్ళు మూసుకుని మనసుతో వింటున్నవాళ్ళందరూ రెండు చేతులతో చెవులు మూసుకున్నారు.

వాకీటాకీ నోటి దగ్గర పెట్టుకున్నాను. ఇప్పుడు నాకు మూడు మాటలూ గుర్తున్నాయి. శబ్దం ఎక్కువైతే ఏమనాలి?

“హై!” అని అరిచాను.

“ఆయ్!” అంది వాకీటాకీ, ఎంతో సంతోషంగా.

“హై! హై! హై!”

“ఆయ్! ఆయ్! ఆయ్!” నోయెల్ పక్కా అమలాపురం యాసలో పలుకుతున్నాడు. మా వాళ్ళింట్లో పుట్టినట్టే ఉంది.

అప్పుడు వినపడింది, పైనుంచి. ముందు వాన చినుకులేమో అనుకున్నాం. తర్వాత వడగళ్ళనుకున్నాం. బేస్ గిటారు దెబ్బదెబ్బకీ అటక మొత్తం ఊగుతోంది. తడికల మీద వేల కాయలు, లోపలి గుండ్లు చిప్పలకేసి కొట్టుకుంటూ, గలగలా, గలగలా, తాళం తప్పకుండా మోగుతున్నాయి. తడికల సందుల్లోంచి ఏడాది దుమ్ము, పీచు, ఒక బల్లి, సరాసరి మొదటి వరస మీదికి దిగాయి. బల్లి మాస్టారి భుజం మీద దిగింది.

మాస్టారు లేచి నా దగ్గరకొచ్చారు. నెత్తి మీద పీచుతో అచ్చం ఒలవని కాయలాగున్నారు. నా చెవి దగ్గర, అంటే వాకీటాకీ దగ్గర నోరు పెట్టి, లెక్కల మాస్టారి గొంతుతో, జీవితంలో మొదటిసారి గట్టిగా అరిచారు.

“సత్తిబాబుగారూ! వినపడుతోందండీ! చాలండీ! చాలు! చాలూ!”

కాటా గదిలో, ముప్పావు కేజీ అన్నం ఇంకా అరగని మనిషి ఒకడు, తనకి తెలిసిన ఒకే ఒక్క తెలుగు మాట విన్నాడు. ఆ మాటలోని ఆర్తి అతనికి తెలుసు. ఒక్క లాగుడుతో అన్నీ ఆపేశాడు.

నిశ్శబ్దం. పైన అటక మీద కాయలు మాత్రం ఇంకో రెండు క్షణాలు గలగలలాడి ఆగిపోయాయి.

పెదనాన్న చెయ్యి పైకెత్తారు. ఎవరూ మాట్లాడద్దని. నూరుమందీ ఆయన వైపే తిరిగారు. ఆయన తల పైకెత్తి, కళ్ళు మూసుకుని, ఆ ఆగిపోయిన చప్పుడుని ఇంకా వింటున్నట్టు నిలబడ్డారు. ఆయన మొహంలో నేనెప్పుడూ చూడని వెలుగు.

“మాట్లాడిందిరా!” అన్నారు. “తయారైపోయింది!”

హాలు దద్దరిల్లిపోయింది. కాలేజీ పిల్లలు ఈలలు వేశారు. పావని అక్కడే కూలబడి ఏడ్చేసింది. నేను కూడా కళ్ళు తుడుచుకున్నాను, కొంత పీచు వల్ల.

చప్పట్లు తగ్గాక పెదనాన్న మాట పూర్తిచేశారు. “అటక మీద సరుకు మొత్తం తయారైపోయింది. నెల పడుద్దనుకున్నాను. రేప్పొద్దున్నే మనుషుల్ని పెట్టి దింపించేయాలి.”

ఈల మధ్యలో ఆగిపోవడం మీరెప్పుడైనా విన్నారా? నేను విన్నాను.

పావని మెల్లగా లేచింది. హాలు దాటి ఆయన ముందుకొచ్చి నిలబడింది.

“నాన్నా, కాయల సంగతి సరేనండి. మరి నేను?”

పెదనాన్న కాస్త ఆశ్చర్యపోయినట్టు చూశారు. చెప్పేశాను కదా అన్నట్టు.

“నీదింకా ముందే మాట్లాడిందిగా అమ్మా. మైకు పోయినప్పుడు. ఉత్త గొంతుతో అందుకున్నావు చూడు, అప్పుడే అనుకున్నాను. తయారైన కాయని అటక మీద ఉంచకూడదు, పాడైపోద్ది. వెళ్ళిరా. ఏడాది కాదు, ఎన్నాళ్ళు పాడగలిగితే అన్నాళ్ళు పాడు.”

ఆ తర్వాత వాళ్ళిద్దరూ ఏం మాట్లాడుకున్నారో నాకు తెలియదు. నేను మర్యాదగా మొహం పక్కకి తిప్పుకుని, మాస్టారి భుజం మీద బల్లిని తీసే పనిలో ఉన్నాను.

ఇక్కడితో అయిపోతే నేనేదో బతికిపోయేవాడిని. పెదనాన్న నన్ను పిలిచారు.

“ఒరే సత్తిబాబూ, నువ్వు సామాన్యుడివి కాదురా. మెల్లమెల్లగా సౌండు తగ్గించుకుంటూ వచ్చేవు. అందరిదీ తగ్గించి, మా అమ్మాయి పాడేసరికి పూర్తిగా తీయించేసేవు. ఉత్త గొంతు వింటే తప్ప నేను ఒప్పుకోనని నీకు తెలుసు. కావాలనే చేయించేవు కదూ?”

నూరుమంది చూస్తున్నారు. పావని చూస్తోంది. మాస్టారు చూస్తున్నారు. కాటా గదిలోంచి అప్పుడే బయటికొచ్చిన నోయెల్, తెలుగు రాకపోయినా, ఏదో ముఖ్యమైన ప్రశ్న అడిగారని గ్రహించి, నా నోటి వైపే చూస్తున్నాడు.

“ఆయ్” అన్నాను.

నోయెల్ ఒక్కడే నవ్వాడు. అరచెయ్యి చూసుకుని మరీ నవ్వాడు.

ఆ వారంలోనే అతను పావనికి సంగతంతా చెప్పేశాడు. పావని ఇప్పుడు ఎక్కడ పాడినా మధ్యలో ఆగి, ఈ కథ చెప్పి, నా పేరు, ఇంటిపేరు, మా వీధి గుర్తులతో సహా జనానికి పరిచయం చేస్తుంది. నోయెల్ బెంగళూరులో ఎవరేమడిగినా ‘ఆయ్’ అంటున్నాడట. అక్కడివాళ్ళు శబ్దం తగ్గిస్తున్నారట.

మొన్న పావని బ్యాండు మళ్ళీ అదే గోదాముకొచ్చింది. ఈసారి మిక్సరునీ, బెంగళూరు నుంచి వచ్చిన నోయెల్‌నీ హాల్లోనే పెట్టారు. నన్ను మొదటి వరసలో, మాస్టారి పక్కన, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చోమన్నారు. మొదలెట్టే ముందు పావని కిందికి దిగి, నా చేతిలో ఒక కురిడీకాయ పెట్టింది.

“దీని మీద చెయ్యేసి ఒట్టెయ్యి అన్నయ్యా.”

వేశాను. గంభీరంగానే వేశాను. మైకులోగాని, వాకీటాకీలోగాని, ఫోనులోగాని, కరెంటుతోనో బ్యాటరీతోనో నడిచే ఏ యంత్రం ముందుగాని, నా కంఠంలో ప్రాణం ఉండగా ఆ అక్షరంన్నర మాట ఉచ్చరించనని, ఉచ్చరించిన నాడు ఈ కాయ నా నెత్తి మీదే పగలాలని.

“గట్టిగా చెప్పు, జనానికి వినపడాలి” అంటూ మైకు నా మూతి దగ్గర పెట్టింది. “ఇంకెప్పుడూ అనవు కదూ?”

నోరు సగం తెరిచాను. మిక్సరు దగ్గర నోయెల్ మీట మీద వేలు పెట్టుకుని సిద్ధంగా ఉన్నాడు.

నోరు మూసుకుని, తల ఊపాను.